పంచదార తగ్గించి ఇంట్లో సాసులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ సంచికకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. కెచప్, చిల్లీ సాస్, బార్బెక్యూ సాస్ వంటివాటిని పంచదార తగ్గించి ఇంట్లోనే చేసుకోవాలని మొదలుపెట్టి, ఎక్కడో ఒకచోట చిక్కుపడి రాసిన ప్రశ్నలివి. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట వాటన్నిటినీ కలిపి ఒక్క ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: తీపి తగ్గించమని డాక్టరు గారు చెప్పాక కెచప్ ఇంట్లోనే చేశాను. కిలో టమాటాలకు అరకప్పు వెనిగర్, అరకప్పు పంచదార అని నా దగ్గర ఉన్న కొలతల్లోంచి పంచదార ఒక్కటే తీసేసి, మిగిలినదంతా ఉన్నదున్నట్టు చేశాను. నోట్లో పెట్టుకోలేనంత పుల్లగా వచ్చింది. పైగా పలచగా ఉండి పళ్లెంలో నీరు వదులుతోంది, రంగు కూడా వెలిసినట్టుంది. లోపం ఎక్కడుందండీ?

జవాబు: పంచదార తీసేయడంలో తప్పేమీ లేదు. అది చేస్తున్న పనులను మరిదేనికీ అప్పగించకుండా తీసేయడం వల్లే ఇబ్బంది వచ్చింది. కెచప్‌లో పంచదార తీపికోసం మాత్రమే ఉండదు. వెనిగర్ పులుపును నాలుకకు తెలియకుండా కప్పిపెడుతుంది, నీటిని పట్టి ఉంచి చిక్కదనం ఇస్తుంది, మెరుపు తెస్తుంది, నిల్వకు కొంత తోడ్పడుతుంది. మీ కొలతల్లో అరకప్పు పంచదారను చూసుకునే అరకప్పు వెనిగర్ పెట్టారు. ఒకటి పోయాక రెండోది అంతే ఉంటే నోరు పులిసిపోక మానదు. కాబట్టి మొదట తగ్గించవలసింది వెనిగర్. కిలో టమాటాలకు రెండు టేబుల్ స్పూన్లు, అదీ చివర్లో, రుచి చూస్తూ పోయండి. ఇలా వెనిగర్ తగ్గించిన సాసు ఫ్రిజ్‌లో ఉంచి వాడుకోవడానికే తప్ప బయట నిల్వకు పనికిరాదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి. దాని గురించి కింద ఇంకో ప్రశ్నకు జవాబులో వివరంగా రాశాం.

ఇక నీరు వదలడం గురించి. టమాటాలో దాదాపు 95 శాతం నీరే. మిగిలిన కొద్దిపాటి పదార్థంలో చిక్కదనాన్ని ఇచ్చేది పెక్టిన్. టమాటాను కోసిన క్షణం నుంచి, దానిలోనే ఉండే ఎంజైములు ఈ పెక్టిన్‌ను విడగొట్టడం మొదలుపెడతాయి. అన్ని కాయలూ తరిగి, గిన్నెలో పోసి, తీరిగ్గా పొయ్యి వెలిగించేసరికి ఆ పని చాలావరకు జరిగిపోతుంది. ఈ ఎంజైములను ఆపగలిగేది సుమారు 85 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి ఒక్కటే. అందుకే ముందు నాలుగైదు కాయలు మాత్రం తరిగి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో వేసి, గరిటెతో మెదిపి తెర్లనివ్వండి. అది కుతకుతలాడుతుండగా మిగిలినవాటిని ఒక్కొక్కటే తరిగి, తరిగినది తరిగినట్టు అందులో వేస్తూ పోండి, మరుగు ఎప్పుడూ ఆగకూడదు. సాసుల కర్మాగారాలలో చిక్కటి గుజ్జు కావలసినప్పుడు పాటించే పద్ధతి ఇదే. ఇంట్లో దీనికి అదనంగా అయ్యే ఖర్చు ఏమీ లేదు, కాస్త ఓపిక తప్ప.

రంగు వెలవడానికి కారణం మిక్సీ అయి ఉండవచ్చు. మిక్సీలో వేసినప్పుడు గుజ్జులోకి గాలి చేరి ఎరుపు కాస్తా నారింజ రంగుకు తిరుగుతుంది, గింజలు నలిగి చేదు కూడా దిగుతుంది. పంచదార ఉన్నప్పుడు ఆ చేదు కనిపించదు, లేనప్పుడు పట్టి ఇస్తుంది. ఉడికిన టమాటాలను జల్లెడలో వేసి గరిటె వెనుక భాగంతో రుద్ది వడకట్టండి. తొక్కలు, గింజలు పైన మిగులుతాయి. గింజల చుట్టూ ఉండే జిగురును మాత్రం వదలకుండా కిందికి దించండి, ఎందుకంటే కండ భాగంలో కన్నా ఆ జిగురులోనే గ్లుటామేట్ ఎక్కువగా ఉంటుంది. 1908లో జపాను శాస్త్రవేత్త కికునాయె ఇకెడా ఉమామి అని పేరుపెట్టిన, నోరు నిండినట్టు తోచే రుచికి మూలం ఈ గ్లుటామేటే. తీపి తగ్గిన సాసు నోటికి బోలుగా అనిపించకుండా నిలబెట్టేది ఇది. పచ్చి టమాటాలలో ఇది తక్కువ, బాగా మాగినవాటిలో ఎక్కువ. అందువల్ల పంచదార తగ్గించాలనుకునేవారు కాయల ఎంపిక దగ్గర రాజీపడకూడదు.

తీపిని ఎక్కడినుంచి తేవాలన్నది మిగిలింది. కిలో టమాటాలతో పాటు ఒక మోస్తరు ఉల్లిపాయను, ఒక ఎర్ర క్యాప్సికంను, అంటే ఒక్కొక్కటి వంద గ్రాముల చొప్పున, చిన్న ముక్కలుగా తరిగి ఒక చెంచా నూనెలో సన్న సెగ మీద పావుగంటకు పైగా మగ్గనివ్వండి. ఉల్లిపాయ రంగు తిరిగి, ఘాటు పూర్తిగా పోయి, వాసనలో తీపి తెలిసేదాకా ఆగి, ఆ తర్వాత దాన్ని మెత్తగా చేసి వడకట్టిన టమాటా గుజ్జులో కలపండి. చిన్న దాల్చినచెక్క ముక్క, రెండు లవంగాలు పలచటి గుడ్డలో మూటగట్టి అందులో వేయండి. దాల్చినచెక్కలో తీపి లేకపోయినా, తీపి వంటలతో దాని వాసన మన మనసులో ముడిపడి ఉండటం వల్ల నాలుకకు తీపి ఉన్నట్టే తోస్తుంది. ఉప్పు అర టీస్పూనుతో మొదలుపెట్టండి, కొద్దిపాటి ఉప్పు చేదును అణచి ఉన్న తీపిని పైకి తెస్తుంది. కానీ సాసు ఇగిరేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది గనుక తక్కిన ఉప్పు చివరే.

వెడల్పాటి గిన్నెలో మూత లేకుండా, అడుగంటకుండా కలుపుతూ ఇగరబెట్టాలి. అయిందీ లేనిదీ తెలుసుకోవడానికి కాసేపు ఫ్రిజ్‌లో పెట్టిన పళ్లెం మీద ఒక చెంచాడు సాసు వేసి రెండు నిమిషాలు చూడండి. కుప్ప చుట్టూ పలచని నీటి గీత ఏర్పడితే ఇంకా ఇగరాలి. గీత లేకుండా కుప్ప కుప్పగానే నిలిస్తే దించేయవచ్చు. మొత్తం మీద సుమారు 350 గ్రాములు మిగులుతుంది.

లెక్క కూడా చూద్దాం. వంద గ్రాముల టమాటాలో సహజంగా ఉండే చక్కెరలు సుమారు రెండున్నర గ్రాములు, ఉల్లిపాయలోనూ ఎర్ర క్యాప్సికంలోనూ సుమారు నాలుగేసి గ్రాములు. అన్నీ కలిపి 35 గ్రాములకు లోపు వచ్చి, అవి 350 గ్రాముల సాసులో సర్దుకుంటాయి. అంటే వందకు పది గ్రాములు. మామూలు కెచప్‌లో వంద గ్రాములకు 20 గ్రాములకు పైగానే చక్కెర ఉంటుంది, ఒక టేబుల్ స్పూనులో సుమారు నాలుగు గ్రాములు, అంటే ఒక టీస్పూను పంచదార. మీరు చేసినదానిలో అది రెండు గ్రాముల లోపే. ఇంత చేశాక కూడా ఇంట్లోవారికి తీపి చాలదనిపిస్తే మొత్తం సాసుకు రెండు టీస్పూన్ల పంచదార కలపండి. అప్పటికీ వందకు 12 గ్రాములు దాటదు. సున్నా పంచదార అన్న పట్టుదలకు పోయి ఎవరూ ముట్టని సాసును తయారుచేయడం కన్నా ఇది మేలని మా అభిప్రాయం.

ప్రశ్న: పంచదార మానేసి దాని బదులు తేనె వేస్తున్నాను. ఖర్జూరాలు నానబెట్టి రుబ్బి వేయవచ్చని కూడా విన్నాను. ఈ రెండూ సహజమైనవి కాబట్టి ఎంత వేసినా ఫరవాలేదు కదా?

జవాబు: ఫరవా ఉంది. ఒక టేబుల్ స్పూను పంచదార బరువు సుమారు పన్నెండున్నర గ్రాములు. అదే చెంచాడు తేనె బరువు 21 గ్రాములు, అందులో చక్కెరలు 17 గ్రాములు. అంటే చెంచాకు చెంచా మార్చినప్పుడు చక్కెర తగ్గకపోగా పెరుగుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలలో రోజువారీ శక్తిలో పది శాతానికి మించకుండా, వీలైతే అయిదు శాతానికి లోపల, అంటే సుమారు 25 గ్రాముల లోపల ఉంచమని చెప్పిన చక్కెరల లెక్కలో పంచదారతో పాటు తేనె, సిరప్‌లు, పండ్ల రసాలు, వాటి గాఢ రసాలు కూడా ఉన్నాయి. తేనె పంచదార కన్నా కాస్త తియ్యగా ఉంటుంది కాబట్టి తక్కువ వేసినా సరిపోతుందన్న మాటలో కొంత నిజం ఉంది. అయితే ఆ తీపికి ప్రధాన కారణమైన ఫ్రక్టోజ్ అనే చక్కెర వేడిగా ఉన్నప్పుడు అంత తియ్యగా తెలియదు. పొయ్యి మీద ఉన్న సాసును రుచి చూసి, చాలలేదని ఇంకో చెంచా వేయడం అందువల్లే జరుగుతుంది. ఏ సాసునైనా వడ్డించేటప్పుడు ఎంత వేడిగా, ఎంత చల్లగా ఉంటుందో ఆ స్థితిలోనే రుచి చూసి తీపి తేల్చుకోవాలి. ఇంట్లో ఏడాది లోపు పసిబిడ్డ ఉంటే తేనె కలిసిన సాసును నాలుకకు కూడా రాయవద్దు. బాట్యులిజం అనే విషబాధకు కారణమయ్యే బీజాలు తేనెలో ఉండవచ్చు, వంట వేడికి అవి చావవు.

ఖర్జూరం కొంత మెరుగు. దానిలోనూ బరువులో అరవై శాతానికి పైగా చక్కెరే అయినా పీచు ఉంటుంది, చిక్కదనం ఇస్తుంది, రంగు ఇస్తుంది. బార్బెక్యూ సాసు వంటి ముదురు రంగు సాసులకు గింజ తీసిన రెండు ఖర్జూరాలు వేడినీటిలో నానబెట్టి వేసుకోవచ్చు. పది వేసి, పంచదార వేయలేదని అనుకోవడం మాత్రం లెక్కలో మోసమే.

ప్రశ్న: మావారికి మధుమేహం. ఆయనకోసం సాసులలో పంచదార బదులు కృత్రిమ తీపి పదార్థాలు వేయవచ్చా? ఉడికితే అవి పాడవుతాయంటారు, ఏది వాడాలో చెప్పండి.

జవాబు: అన్నిటినీ ఒకే గాటన కట్టలేం. ఆస్పర్టేమ్ ఎక్కువసేపు ఉడికితే విడిపోయి తీపి కోల్పోతుంది, కాబట్టి ఇగరబెట్టే సాసులకు అది పనికిరాదు. ఫీనైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవారు దాన్ని అసలే తీసుకోకూడదు. సుక్రలోజ్, స్టీవియా సాసులు ఉడికే వేడికి నిలుస్తాయి. స్టీవియా పంచదార కన్నా రెండు మూడు వందల రెట్లు తియ్యన. కొంచెం ఎక్కువైతే చివర్లో ఒక విధమైన చేదు నాలుకను పట్టుకుంటుంది, టమాటా పులుపుతో కలిసినప్పుడు అది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఎరిథ్రిటాల్ తీపి పంచదారలో మూడింట రెండు వంతుల వరకు ఉంటుంది, వేడికీ తట్టుకుంటుంది, కానీ నోటికి చల్లగా తగులుతుంది, ఎక్కువ వేస్తే ఫ్రిజ్‌లో పలుకులు కట్టి సాసు ఇసుకలా అవుతుంది. ఇంట్లో కుక్క ఉంటే జైలిటాల్ జోలికి పోకండి. మనుషులకు ఫరవాలేదు గానీ కుక్కలకు అది కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం.

వాడదలచుకుంటే సాసు పూర్తిగా తయారయి, దించిన తరువాత, చిటికెడు చొప్పున కలపండి. పొడి రూపంలో వచ్చే పొట్లాల మీద చిన్న అక్షరాలు కూడా చదవండి. పరిమాణం కోసం వాటిలో మాల్టోడెక్స్ట్రిన్ గానీ డెక్స్ట్రోజ్ గానీ కలుపుతుంటారు, ఆ రెండూ రక్తంలో చక్కెరను పెంచేవే. బరువు తగ్గడానికని ఇలాంటి తీపి పదార్థాలను ఆశ్రయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది, అయితే ఆ సూచన అప్పటికే మధుమేహం ఉన్నవారికి వర్తించదని కూడా చెప్పింది. ఎరిథ్రిటాల్, జైలిటాల్ వంటివి ఆ సూచన పరిధిలోకి రావు.

మా మాట అడిగితే, ముందు మొదటి జవాబులో చెప్పిన పద్ధతిలో, కృత్రిమ తీపి ఏదీ లేకుండా ఒకసారి చేసి ఆయనకు వడ్డించి చూడండి. చాలామందికి అంతకుమించి అవసరం పడదు. పంచదార వేయకపోయినా టమాటా, ఉల్లిపాయల పిండిపదార్థం అందులో ఉంటుంది కాబట్టి ఆయన భోజనం లెక్క రాసుకునేవారైతే సాసును కూడా రాసుకోవాలి. ఇంకొక హెచ్చరిక. తీపి తగ్గిన లోటును ఉప్పుతో పూడ్చడం అందరికీ తెలియకుండానే జరిగిపోతుంది, మధుమేహంతో పాటు రక్తపోటు ఉన్నవారికి అది మంచిది కాదు. మూత్రపిండాల సమస్య కూడా ఉంటే, ఇగిరిన టమాటాలో పొటాషియం బాగా ఎక్కువ గనుక, ఎంత తినవచ్చో డాక్టరు గారిని అడిగి తీరాలి. ఉప్పుకు బదులుగా అమ్మే పొడుల్లో చాలావాటిలో ఉండేది పొటాషియం క్లోరైడే. అందుచేత వాటినీ అడగకుండా వాడవద్దు.

ప్రశ్న: టమాటా సాసులో పులుపు విరగడానికి చిటికెడు వంటసోడా వేస్తే చాలని, పంచదార అక్కరలేదని ఒకరు చెప్పారు. నిజమేనా?

జవాబు: నిజమే. పంచదార పులుపును కప్పిపెడుతుంది, సోడా ఆమ్లంతో కలిసి దాన్ని నిజంగానే తగ్గిస్తుంది, వేయగానే నురుగు పొంగడం అందుకే. కిలో టమాటాలకు పావు టీస్పూను మించకూడదు, మించితే సబ్బు రుచి వస్తుంది. ఆ పావు టీస్పూనులోనే సుమారు 300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది గనుక ఆ మేరకు ఉప్పు తగ్గించండి. సోడా వేసిన సాసును ఆ పూటకో మరునాటికో వాడేసుకోండి, సీసాలకెత్తి నిల్వ చేయవద్దు. కారణం తరువాతి జవాబులో ఉంది.

ప్రశ్న: కొన్న కెచప్ సీసా మూత తీశాక కూడా నెలల తరబడి బాగుంటుంది. నేను పంచదార లేకుండా చేసినది పదో రోజుకే పైన బూజు కట్టింది. శుభ్రమైన సీసాలోనే పోశాను. ఎక్కువ రోజులు నిల్వ ఉండాలంటే ఏం చేయాలి?

జవాబు: పంచదార ఎక్కువగా ఉన్నచోట నీరు దానికి కట్టుబడి ఉండి, బూజుకూ ఈస్టుకూ అందదు. తీపి తగ్గించినప్పుడు ఆ నీరు వాటికి చిక్కుతుంది. మీ సాసు పదోరోజు దాకా ఆగడమే మంచి శుభ్రతకు గుర్తు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. 1812లో అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన జేమ్స్ మీజ్ అనే వైద్యుడు అచ్చువేసిన టమాటా కెచప్ విధానంలో పంచదార లేదు, మసాలాలు, బ్రాందీ ఉన్నాయి. ఆ తరువాత కెచప్ సీసాలలో అమ్మకానికి వచ్చినప్పుడు పచ్చివీ పండువీ కలిపి ఉడికించిన గుజ్జు పులిసిపోకుండా బెంజోయేట్ వంటి రసాయనాలు కలిపేవారు. 1906లో ఆహారశుద్ధి చట్టం వచ్చిన కాలంలో ఈ రసాయనాల మీద పెద్ద వాదం నడిచింది. 1876 నుంచి కెచప్ అమ్ముతున్న హైంజ్ కంపెనీ, బెంజోయేట్ లేకుండా నిల్వ ఉండేలా బాగా పండిన టమాటాలు, ఎక్కువ వెనిగర్, ఎక్కువ పంచదార వాడే మార్గం ఎంచుకుంది. ఈనాడు కెచప్ అంటే ఇంత తియ్యగా, ఇంత పుల్లగా ఉండాలని మన నాలుకలు అనుకోవడంలో ఆ నిల్వ అవసరానికి పెద్ద పాత్రే ఉంది. ఇంట్లో వారానికి సరిపడా చేసుకునేవారికి ఆ అవసరమే లేదు.

బూజు కంటికి కనిపిస్తుంది కాబట్టి పారేస్తాం. కనిపించని ప్రమాదం బాట్యులిజం. దానికి కారణమైన క్లాస్ట్రిడియం బాట్యులినం అనే బాక్టీరియా గాలి అందని సీసాల్లో, ఆమ్లం తక్కువైనచోట పెరుగుతుంది. పదార్థం పీహెచ్ 4.6 కన్నా తక్కువగా, అంటే తగినంత పుల్లగా ఉంటే అది పెరగలేదు. టమాటాల పీహెచ్ సరిగ్గా ఈ గీతకు అటూ ఇటూ ఊగుతుంది. రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి కొన్ని 4.3 దగ్గర ఉంటే కొన్ని 4.6 దాటుతాయి. ఉల్లిపాయ, క్యాప్సికం, వెల్లుల్లి కలిస్తే ఆమ్లం ఇంకా పలచబడుతుంది, సోడా వేస్తే చెప్పనే అక్కరలేదు. కాబట్టి గది వేడిలో నిల్వ ఉంచదలచిన సాసులో పంచదార తగ్గించవచ్చు గానీ వెనిగర్‌ను, నిమ్మరసాన్ని తగ్గించకూడదు. టమాటాలను సీసాలలో పట్టేటప్పుడు సుమారు అర లీటరు సీసాకు ఒక టేబుల్ స్పూను సీసా నిమ్మరసం గానీ పావు టీస్పూను సిట్రిక్ యాసిడ్ గానీ కలపాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. అప్పటికప్పుడు పిండిన నిమ్మరసంలో ఆమ్లం కాయకొక తీరుగా ఉంటుంది కనుక, ఎప్పుడూ ఒకే గాఢతతో ఉండే సీసా రసాన్నే వాడమంటారు. ఆ తరువాత సీసాలను మరిగే నీటిలో ఎంతసేపు ఉంచాలన్నదానికి పరీక్షించిన కొలతలు ఉంటాయి, వాటిని తూచా తప్పకుండా పాటించేవారే ఆ పనికి పూనుకోవాలి. సొంత ఊహతో కొలతలు మార్చుకునేవారికి ఫ్రిజ్, ఫ్రీజర్ తప్ప మూడో దారి లేదు.

ఫ్రిజ్‌లోనైతే వారం రోజులకు సరిపడా చిన్న సీసాలో పోసుకోండి. చెంచా పొడిగా, శుభ్రంగా ఉండాలి, ఒకరు నాకిన చెంచా మళ్లీ అందులోకి వెళ్లకూడదు. మిగిలినదాన్ని ఐసు ముక్కలు చేసుకునే ట్రేలో గడికి రెండు చెంచాల చొప్పున పోసి గడ్డకట్టించి, ముక్కలను మూతపెట్టే డబ్బాకు మార్చి ఫ్రీజర్‌లో ఉంచితే మూడు నెలల దాకా రుచి చెడదు. కావలసిన రోజున రెండు ముక్కలు తీసి ఫ్రిజ్ కింది అరలో కరగనిస్తే సరి. వెల్లుల్లిని నూనెలో వేసి చేసే సాసుల విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. అవి ఫ్రిజ్‌లోనే ఉండాలి, నాలుగు రోజులు దాటకూడదు, వాసన బాగున్నా సరే. బూజు కట్టిన సాసును పై పొర తీసి వాడుకోవచ్చా అని ఇంకొకరు అడిగారు. వద్దు, మొత్తం పారేయండి.

ప్రశ్న: తియ్యటి చిల్లీ సాస్‌ను పంచదార తగ్గించి చేస్తే నీళ్లలో మిరపకాయలు తేలుతున్నట్టు ఉంటోంది. కార్న్‌ఫ్లోర్ కలిపితే మొదట చిక్కబడి రెండు రోజులకు మళ్లీ నీరవుతోంది. దీనికి మార్గం ఉందా?

జవాబు: ఆ సాసు విషయంలో ఉన్నమాట చెప్పాలి. టమాటా కెచప్‌లో పంచదార తీసినా టమాటా మిగులుతుంది. తియ్యటి చిల్లీ సాసు అంటేనే పంచదార పాకంలో వేసిన మిరపకాయలు, వెల్లుల్లి, వెనిగర్. పాకం తీసేస్తే సాసే ఉండదు. అందువల్ల దాని నకలు కోసం తంటాలు పడకుండా వేరే సాసు చేసుకోండి. మూడు ఎర్ర క్యాప్సికంలను మంట మీద తొక్క నల్లబడేదాకా కాల్చి, మూతపెట్టి పది నిమిషాలు ఉంచి, తొక్క ఒలిచి, ఎండుమిరపకాయలతో, రెండు వెల్లుల్లి రెబ్బలతో, కొంచెం వెనిగర్‌తో, ఉప్పుతో కలిపి రుబ్బితే, కాల్చడం వల్ల వచ్చిన తీపితోనే చక్కటి కారపు సాసు వస్తుంది. ఒలిచిన క్యాప్సికంను నీళ్లలో కడగవద్దు, రుచంతా కొట్టుకుపోతుంది.

కార్న్‌ఫ్లోర్ సంగతి మీరు గమనించినదే. వెనిగర్ ఉన్న సాసులో ఎక్కువసేపు మరిగితే ఆమ్లం ఆ పిండిని విడగొట్టి పలచబరుస్తుంది, ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే నీరు వేరుపడుతుంది. వాడాలనుకుంటే వెనిగర్‌ను దించేముందు పోసి, పిండి కలిపిన తరువాత ఒకటి రెండు నిమిషాలకు మించి మరగనివ్వకండి. జాంథన్ గమ్ అనే చిక్కబరిచే పొడి దొరికితే అది ఆమ్లానికీ చలికీ రెండింటికీ తట్టుకుంటుంది. అర లీటరు సాసుకు అర టీస్పూను చాలు, ఇంకా ఎక్కువైతే జిగటగా సాగుతుంది. దాన్ని నేరుగా చల్లితే ఉండలు కడుతుంది, అందుకని ఒక చెంచా నూనెలో ముందు కలిపి, మిక్సీ తిరుగుతుండగా పోయండి. చియా గింజల పొడి కూడా చిక్కదనం ఇస్తుంది గానీ నలుసులు పంటికి తగులుతాయి, నునుపైన సాసు ఇష్టపడేవారికి అది నచ్చదు. వీటిలో ఏది వేసినా ఆ సాసు ఫ్రిజ్‌కే. చిక్కటి పదార్థం మధ్యదాకా వేడి సరిగా చేరదు గనుక మరిగే నీటిలో సీసాలుంచి నిల్వ చేసే పద్ధతికి ఇవి కలిపిన సాసులు పనికిరావు.

ప్రశ్న: బార్బెక్యూ సాస్‌లో పంచదార సగానికి తగ్గించాను. రుచి బాగానే ఉంది కానీ ఓవెన్‌లో పెట్టినప్పుడు పైన ఆ ముదురు రంగు, మెరుపు రావడం లేదు.

జవాబు: ఆ రంగు, మెరుపు రెండూ చక్కెర కాగి ఇచ్చేవే కాబట్టి అచ్చంగా అదే రావాలంటే కష్టం. దగ్గరగా తేవడానికి దారి ఉంది. ఓవెన్‌లో రావలసిన రంగును ముందే మూకుడులో తెచ్చుకోండి. రెండు మూడు చెంచాల టమాటా పేస్టును నూనెలో వేసి సన్న సెగ మీద కలుపుతూ నాలుగైదు నిమిషాలు వేయిస్తే ఎరుపు పోయి ఇటుక రంగుకు తిరుగుతుంది, నూనె అంచుల్లో తేలుతుంది, పచ్చివాసన పోతుంది. ఆ మీదనే ఉల్లిపాయ, పొగ పట్టించిన మిరపపొడి, ఆవపొడి వేసి సాసు కట్టండి. సోయా సాసు ఒక చెంచా వేస్తే రంగూ ఉమామీ రెండూ వస్తాయి, అయితే ఆ చెంచాడులోనే సోడియం 900 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది గనుక వేరే ఉప్పు వేయకండి. కొందరు రంగుకోసం కాఫీ, కోకో పొడి వేస్తారు. పంచదార దండిగా ఉన్న సాసులో అవి బాగుంటాయి, తగ్గించినదానిలో చేదు మాత్రమే మిగులుస్తాయి, మేం సిఫారసు చేయం.

సాసు బాగా దగ్గరపడేదాకా ఇగరబెట్టి, పూసేముందు ఒక చెంచా వెన్న కలపండి, మెరుపు కొంత దానివల్ల వస్తుంది. తియ్యటి సాసును తొందరగా పూస్తే మాడుతుందని చివరి పది నిమిషాలలోనే పూస్తారు. మీ సాసు అంత త్వరగా మాడదు గనుక ఇరవై నిమిషాలు ఉందనగా మొదటి పూత, అది ఆరాక రెండోది, దించబోయేముందు మూడోది పలచగా పూయండి. ఒక్కసారే దట్టంగా పూసినదానికన్నా ఇలా పొరలుగా పూసినదే రంగు తేలుతుంది.

ప్రశ్న: పంచదార లేని కెచప్ పిల్లలు ముట్టడం లేదు. పాత సీసాయే కావాలంటున్నారు.

జవాబు: పాత సీసా సాసు మూడు వంతులు, ఇంట్లో చేసినది ఒక వంతు కలిపి పెట్టండి. రెండు వారాలకు సగం సగం, ఆ తరువాత తిరగేసి ఒక వంతుకు మూడు వంతులు. నాలుక తక్కువ తీపికి మెల్లగానే అలవాటుపడుతుంది కాబట్టి తొందరపడవద్దు, ఎక్కడ పేచీ వస్తే అక్కడే ఇంకో వారం ఆగండి. కలిపిన సాసును ఇంటి సాసు లాగే ఫ్రిజ్‌లో ఉంచి వారంలో వాడేయాలి, సీసా మీద ఉన్న గడువు తేదీ దానికి వర్తించదు.